స్మార్ట్ టీవీలో నిఘా వేరు, యాడ్లు వేరు: ఏ స్విచ్ దేన్ని ఆపుతుంది?

క్లుప్తంగా: తెర మీద ఏం నడుస్తోందో గుర్తుపట్టి కంపెనీకి చేరవేసే ఏర్పాటు చాలా స్మార్ట్ టీవీల్లో ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ పెట్టినా, ల్యాప్‌టాప్ తగిలించినా అది పనిచేయగలదు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపవచ్చు. ఆపితే నిజంగానే ఆగుతుందని పరిశోధకులు పరీక్షించి చెప్పారు. హోమ్ స్క్రీన్ మీద కనిపించే యాడ్లు మాత్రం వేరే సంగతి. వాటిని తగ్గించవచ్చు కానీ పూర్తిగా వదిలించుకోవడం కష్టం.

కొత్త టీవీ వచ్చిన రోజు దాన్ని బిగించడానికి ఇంటికి ఒక మనిషి వస్తాడు. గోడకు స్టాండు కొట్టి, వైఫై పాస్‌వర్డ్ అడిగి, రిమోట్ చేతిలోకి తీసుకుంటాడు. తెర మీద ఒకదాని వెనక ఒకటి షరతుల పేజీలు వస్తాయి. ‘అన్నిటికీ అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్ పెట్టి, ఓకే, ఓకే నొక్కుకుంటూ పోతాడు. ఆ రోజు అతను ఇంకా రెండు మూడు ఇళ్లు తిరగాలి. ఇంట్లోవాళ్లేమో బొమ్మ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటారు. ఆ అర నిమిషంలోనే కుటుంబం రోజూ ఏం చూస్తుందో తెలుసుకునే హక్కు కంపెనీకి వెళ్లిపోతుంది. ఒప్పుకున్నది కుటుంబం అని రికార్డులో ఉంటుంది. నొక్కిన వేలు మాత్రం బయటి మనిషిది.

ఆ తర్వాత కొన్నాళ్లకు హోమ్ స్క్రీన్ మీద పెద్ద యాడ్ ప్రత్యక్షమైతే, లేదా టీవీలో చూసిన వస్తువే ఫోన్‌లో కనిపిస్తే టెన్షన్ మొదలవుతుంది. ‘యాడ్లు ఆపడం ఎలా’ అని వెతికి ఏదో ఒక సెట్టింగ్ ఆఫ్ చేస్తారు. యాడ్లు తగ్గవు. ఇక ఏం చేసినా లాభం లేదనుకుని వదిలేస్తారు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. నిఘా, యాడ్ చూపించడం, యాప్‌లు పెట్టుకునే లెక్క, మైకు అనేవి నాలుగు వేర్వేరు పనులు. ఒకదాని స్విచ్ ఇంకొకదాన్ని ఆపదు.

టీవీ ధర తగ్గడం వెనక

టీవీ అమ్మకంలో లాభం చాలా పలచన. 2019లో అమెరికా టీవీ కంపెనీ విజియో సాంకేతిక విభాగం అధిపతి బిల్ బాక్స్‌టర్ ఒక ఇంటర్వ్యూలో ఈ విషయం దాచకుండా చెప్పారు. తమ వ్యాపారంలో మార్జిన్ 6 శాతం దగ్గర ఉంటుందని, టీవీ ఇంటికి చేరాక దాని మీద వచ్చే ఆదాయమే తమ వ్యూహమని ఆయన వివరించారు. రెండేళ్లకే లెక్కలు ఆ మాటను రుజువు చేశాయి. 2021 మూడో త్రైమాసికంలో విజియోకు టీవీల అమ్మకం మీద వచ్చిన స్థూల లాభం కంటే యాడ్లు, డేటా విభాగం మీద వచ్చిన లాభం రెట్టింపును దాటింది. టీవీలు, స్ట్రీమింగ్ పరికరాలు అమ్మే అమెరికా కంపెనీ రోకు ఇంకో అడుగు ముందుకు వేసింది. 2022, 2023 సంవత్సరాల్లో పరికరాలను నష్టానికే అమ్మి, ఆ లోటును యాడ్లు, చందాల మీద పూడ్చుకుంది.

2024 డిసెంబరులో వాల్‌మార్ట్ ఇదే విజియోను 230 కోట్ల డాలర్లకు కొనేసింది. ఒక కిరాణా దిగ్గజానికి టీవీ కంపెనీతో పనేమిటి? ఫలానా ఇంట్లో ఫలానా సబ్బు యాడ్ కనబడింది, వారం తిరక్కుండా ఆ ఇంటివాళ్లు అదే సబ్బు కొన్నారు అని చూపించగలిగితే సబ్బు కంపెనీ ఆ యాడ్‌కు ఎక్కువ ధర ఇస్తుంది. కొనుగోలు సంగతి షాపు దగ్గర ఉంది, చూసిన సంగతి టీవీ దగ్గర ఉంది. రెండూ ఒకే గూటికి చేరాయి.

మన దేశంలోనూ ధరల పోటీ ఇలాంటిదే. షావోమీ 2018 ఫిబ్రవరిలో 55 అంగుళాల మి టీవీని 39,999 రూపాయలకు తెచ్చినప్పుడు మార్కెట్ ఉలిక్కిపడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ కంపెనీ హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటనివ్వమని ప్రకటించింది. వస్తువు మీద లాభానికి గీత గీసుకున్న కంపెనీకి మిగతా ఆదాయం సేవల నుంచి, యాడ్ల నుంచి రావాలి. కొనేవాళ్లకు దీనివల్ల మేలు జరగలేదనలేం. పెద్ద తెర మధ్యతరగతి హాల్లోకి వచ్చింది. ఆ చవక ధరలో కొంత భాగం తర్వాత యాడ్ల రూపంలో వసూలవుతుందన్న సంగతిని మాత్రం షోరూంలో ఎవరూ చెప్పలేదు.

తెర వేలిముద్ర

టీవీ నిఘాకు గుండెకాయ ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్, పొట్టిగా ఏసీఆర్. తెర మీద కనిపించే బొమ్మలో అక్కడక్కడా కొన్ని చుక్కల రంగులను, కొన్ని టీవీల్లో ధ్వనిని కూడా తీసుకుని, వాటిని ఒక చిన్న సంకేతంగా కుదిస్తుంది. దాన్ని ఫింగర్‌ప్రింట్, అంటే వేలిముద్ర అంటారు. కంపెనీ సర్వర్‌లో సినిమాలు, సీరియళ్లు, యాడ్లు, లైవ్ చానళ్ల వేలిముద్రలు ముందే ఉంటాయి. రెండూ సరిపోలితే ఏ ఇంట్లో, ఏ నిమిషంలో, ఏం నడుస్తోందో తెలిసిపోతుంది.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్, కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్, మాడ్రిడ్‌లోని కార్లోస్ III యూనివర్సిటీ పరిశోధకులు బ్రిటన్, అమెరికాల్లో శాంసంగ్, ఎల్‌జీ టీవీలను పరీక్షించి 2024లో ఫలితాలు బయటపెట్టారు. ఎల్‌జీ ప్రతి 10 మిల్లీసెకన్లకు, అంటే సెకనుకు 100 సార్లు తెరను పట్టుకుంటుంది. శాంసంగ్ ప్రతి 500 మిల్లీసెకన్లకు, అంటే సెకనుకు 2 సార్లు. ఇలా పోగైన వేలిముద్రలను ఎల్‌జీ 15 సెకన్లకోసారి, శాంసంగ్ నిమిషానికోసారి సర్వర్‌కు పంపుతుంది. పూర్తి బొమ్మ పోదు, సంకేతమే పోతుంది కాబట్టి డేటా ఖర్చు నామమాత్రం. అందుకే నెట్ బిల్లు చూసి ఎవరూ పసిగట్టలేరు.

ఆ పరిశోధనలో అన్నిటికంటే పట్టించుకోవాల్సింది హెచ్‌డీఎంఐ, అంటే బయటి బాక్సునో ల్యాప్‌టాప్‌నో టీవీకి కలిపే వైరు సంగతి. టీవీలోని యాప్‌లు ఏవీ తెరవకుండా, దాన్ని ల్యాప్‌టాప్‌కు ఒక మానిటర్‌లా వాడుతున్నప్పుడు కూడా వేలిముద్రలు వెళ్తూనే ఉన్నాయి. మన ఇళ్లలో ‘మేం స్మార్ట్ యాప్‌లు వాడం, కేబులే చూస్తాం’ అనేవాళ్లు చాలామంది. ఏపీ ఫైబర్‌నెట్ బాక్స్ అయినా, డీటీహెచ్ అయినా బొమ్మ వచ్చేది ఆ హెచ్‌డీఎంఐ వైరు గుండానే. ఏసీఆర్ చూసేది వైరు ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, తెర మీద ఏముందని. పిల్ల పెళ్లి ఫోటోలు ల్యాప్‌టాప్ నుంచి పెద్ద తెర మీద చూసుకుంటుంటే వాటికి సరిపోలేవేవీ సర్వర్‌లో ఉండవు కాబట్టి గుర్తుపట్టడం జరగదు. అయినా ఆ వైరు మీద నడిచేది కొలవడానికి కంపెనీకి ఏం పని అన్న ప్రశ్న న్యాయమైనదే.

ఊరట కలిగించే విషయాలూ ఆ పరీక్షలో ఉన్నాయి. టీవీలోనే నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ యాప్‌లు తెరిచినప్పుడు ఏసీఆర్ నిశ్శబ్దంగా ఉండిపోయింది. సెట్టింగ్స్‌లో అంగీకారం రద్దు చేశాక ఆ సర్వర్లకు వెళ్లే రాకపోకలు పూర్తిగా ఆగిపోయాయి. స్విచ్ పనిచేస్తుంది. అది ఎక్కడుందో దొరకడమే కష్టం.

టీఆర్పీ మీటరుకూ దీనికీ తేడా

ఎవరేం చూస్తున్నారో కొలవడం కొత్తేమీ కాదు. బార్క్ సంస్థ 2015 నుంచి మన దేశంలో టీఆర్పీ లెక్కలు ఇస్తోంది. చానళ్ల ధ్వనిలో చెవికి వినపడని గుర్తు ఒకటి కలుపుతారు. ఎంపిక చేసిన ఇళ్లలో పెట్టిన మీటరు ఆ గుర్తును పట్టుకుంటుంది. ఆ ఇళ్లు దేశం మొత్తం మీద వేలల్లోనే ఉంటాయి. తమ ఇంట్లో మీటరు ఉందని ఆ కుటుంబానికి తెలుసు. ఎవరు చూస్తున్నారో చెప్పడానికి వాళ్లే బటన్ నొక్కుతారు. చివరికి బయటికొచ్చేది ఫలానా సీరియల్‌కు ఇంత రేటింగ్ అన్న అంకె.

ఏసీఆర్‌లో ఎంపిక లేదు, అది ఉన్న ప్రతి టీవీ మీటరే. ఫలితం కూడా సగటు అంకె కాదు, ఒక్కో ఇంటి చిట్టా. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2017 ఫిబ్రవరిలో విజియో మీద పెట్టిన కేసు ఆ చిట్టా ఎంత పెద్దదో చూపించింది. 2014 నుంచి 1.1 కోట్ల టీవీల్లో సెకను సెకనుకూ చూసినదాన్ని సేకరించి, దానికి ఐపీ అడ్రస్, అంటే ఆ ఇంటి నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబరు జోడించి బయటి సంస్థలకు అమ్మారన్నది అభియోగం. ఆ సంస్థల సాయంతో వయసు, ఆదాయం, పెళ్లయిందా లేదా, ఇంట్లో ఎంతమంది, చదువు, సొంతిల్లా కాదా వంటి వివరాలు జతపడ్డాయి. ఆ సెట్టింగ్ పేరు ‘స్మార్ట్ ఇంటరాక్టివిటీ’. చూసినవాళ్లు ఎవరైనా అదేదో సౌకర్యం అనుకుంటారు. కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది.

అదే తీరు ఇంకా నడుస్తోందని 2025 డిసెంబరులో టెక్సస్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ సోనీ, శాంసంగ్, ఎల్‌జీ, హైసెన్స్, టీసీఎల్ మీద కేసులు వేశారు. సరైన అంగీకారం లేకుండా ఏసీఆర్‌తో చూసినవన్నీ రికార్డు చేస్తున్నారన్నది ఆరోపణ. డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల ఇళ్లలో ఉన్నవీ ఈ బ్రాండ్ల టీవీలే.

టీవీలో చూసింది ఫోన్‌లోకి ఎలా వస్తుంది?

‘మేం మాట్లాడుకున్నది టీవీ విని ఫోన్‌కు చెప్పింది’ అన్న అనుమానం చాలామందిలో ఉంది. దీనికి మైకు అక్కర్లేదు. ఇంట్లో టీవీ, నాలుగు ఫోన్లు, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే రూటర్ మీద నడుస్తాయి. బయటి ప్రపంచానికి ఆ ఇంటి ఐపీ అడ్రస్ ఒక్కటే. టీవీలో కారు యాడ్ నడిచిందని ఆ అడ్రస్ పేరిట నమోదైతే, అదే అడ్రస్ నుంచి వచ్చే ఫోన్‌కు అదే కారు యాడ్ పంపవచ్చు. దీన్ని క్రాస్ డివైస్ యాడ్ అంటారు. ఎల్‌జీ షరతుల్లో ఈ మాట నేరుగానే ఉంటుంది. టీవీలో, ఫోన్‌లో ఒకే ఈమెయిల్‌తో లాగిన్ అయితే ఈ జోడింపు ఇంకా కచ్చితమవుతుంది.

మైకు సంగతి పూర్తిగా కొట్టిపారేయలేం. 2015లో శాంసంగ్ ప్రైవసీ పాలసీలో ఒక వాక్యం ప్రపంచమంతా దుమారం రేపింది. వాయిస్ సౌకర్యం వాడేటప్పుడు సొంత విషయాలు మాట్లాడితే అవి కూడా రికార్డయి మూడో సంస్థకు వెళ్తాయన్నది దాని సారం. రిమోట్‌లో బటన్ నొక్కితేనే వినే టీవీలతో ఈ చిక్కు తక్కువ. పిలిస్తే పలికే టీవీల్లో మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చాలా మోడళ్లలో దానికి టీవీ అడుగున చిన్న స్లైడ్ స్విచ్ ఉంటుంది. దాన్ని జరిపేస్తే సరి.

స్విచ్‌లు ఎక్కడున్నాయి?

మోడల్‌ను బట్టి, ఏడాదిని బట్టి మెనూలు కాస్త మారతాయి. వెతకాల్సిన పేర్లు మాత్రం దాదాపు ఇవే.

శాంసంగ్‌లో ‘జనరల్ అండ్ ప్రైవసీ’ కింద ‘టర్మ్స్ అండ్ ప్రైవసీ’ ఉంటుంది. అందులో ‘వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్’ అన్నదే ఏసీఆర్. దాని టిక్ తీసేయాలి. పక్కనే ఉన్న ‘ఇంట్రెస్ట్ బేస్డ్ అడ్వర్టైజింగ్’ తీసేస్తే అభిరుచిని బట్టి యాడ్లు ఎంచడం ఆగుతుంది, యాడ్లు ఆగవు. ఎల్‌జీలో పని రెండు చోట్ల ఉంది. ‘జనరల్’లో ‘సిస్టమ్’, దాని కింద ‘అడిషనల్ సెట్టింగ్స్’లో ‘లైవ్ ప్లస్’ అని ఉంటుంది. ఆ పేరు చూస్తే అది ఏం చేస్తుందో ఊహకు కూడా అందదు. దాన్ని ఆఫ్ చేసి, ‘సపోర్ట్’ మెనూలోని ‘యూజర్ అగ్రిమెంట్స్’లో ‘వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్’, ‘వాయిస్ ఇన్ఫర్మేషన్’, క్రాస్ డివైస్ యాడ్ల అంగీకారాలు వెనక్కి తీసుకోవాలి. హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో ‘హోమ్ ప్రమోషన్’ కనిపిస్తే అదీ తీసేయవచ్చు. ఎల్‌జీ 2024లో స్క్రీన్‌సేవర్ మీద కూడా యాడ్లు మొదలుపెట్టింది, ఆ సెట్టింగ్ మళ్లీ వేరే.

సోనీ టీవీలు కొన్నిట్లో ఏసీఆర్ పని సాంబా అనే బయటి సంస్థది. ‘సాంబా ఇంటరాక్టివ్ టీవీ’ అన్న పేరు దొరికితే డిసేబుల్ చేయాలి. గూగుల్ టీవీతో నడిచే బ్రాండ్లలో ‘ప్రైవసీ’ కింద ‘యాడ్స్’లోకి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీని (యాడ్ల కోసం టీవీకి ఇచ్చే గుర్తింపు నంబరును) డిలీట్ చేయడం, ‘యూసేజ్ అండ్ డయాగ్నోస్టిక్స్’ ఆపడం ముఖ్యం. హోమ్ స్క్రీన్ హడావుడి తగ్గాలంటే అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘యాప్స్ ఓన్లీ మోడ్’ ఉంటుంది. దాంతో సిఫార్సుల వరసలు పోయి యాప్‌లు మిగులుతాయి. వాచ్‌లిస్టు లాంటి సౌకర్యాలూ పోతాయి. అమెజాన్ ఫైర్ టీవీలో ‘ప్రిఫరెన్సెస్’ కింద ‘ప్రైవసీ సెట్టింగ్స్’లో మూడు స్విచ్‌లున్నాయి: డివైస్ యూసేజ్ డేటా, యాప్ యూసేజ్ డేటా, ఇంట్రెస్ట్ బేస్డ్ యాడ్స్. ఆన్ చేయగానే వీడియో దానంతటదే మోగిపోతుంటే ‘ఫీచర్డ్ కంటెంట్’లో ఆటోప్లే ఆపాలి. అమెరికాలో రోకు టీవీ ఉన్నవాళ్లు ‘స్మార్ట్ టీవీ ఎక్స్‌పీరియన్స్’లో టీవీ ఇన్‌పుట్‌ల సమాచారం వాడుకునే టిక్ తీసేస్తే ఏసీఆర్ ఆగుతుంది.

పెద్ద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత కొత్త షరతుల పేజీ రావచ్చు. ఇంట్లో పిల్లలో, పెద్దవాళ్లో తొందరలో ఓకే నొక్కేస్తే కథ మళ్లీ మొదటికే. అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఆ మెనూ ఒకసారి చూసుకోవడం మంచిది.

రూటర్ దగ్గర ఆపితే?

టీవీ ఏ సర్వర్‌తో మాట్లాడాలన్నా ముందు ఆ సర్వర్ పేరుకు నంబరు ఏదో డీఎన్ఎస్ అనే వ్యవస్థను అడుగుతుంది. యాడ్ సర్వర్ల పేర్లు అడిగితే జవాబివ్వని డీఎన్ఎస్‌ను పెడితే చాలా యాడ్లు, చాలా నిఘా అక్కడే ఆగిపోతాయి. యాడ్‌గార్డ్ డీఎన్ఎస్ ఉచితం. టీవీ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో గానీ రూటర్‌లో గానీ 94.140.14.14 అని రాస్తే చాలు. కాస్త ఓపిక ఉన్నవాళ్లు రాస్‌ప్‌బెరీ పై లాంటి చిన్న కంప్యూటర్‌లో ఇదే పని ఇంట్లోనే చేసే పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటారు. దాంతో టీవీ రోజుకు ఎన్నిసార్లు ఎవరెవరిని పిలుస్తోందో కళ్లారా కనిపిస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. యూట్యూబ్‌లో వీడియో, యాడ్ రెండూ ఒకే చోటి నుంచి వస్తాయి కాబట్టి పేరు చూసి ఆపే పద్ధతి అక్కడ పనికిరాదు. లైవ్ క్రికెట్ మధ్య యాడ్లను ప్రసారంలోనే కలిపేస్తే వాటిని విడదీయడం కుదరదు. కొన్ని పరికరాలు ఇంటి డీఎన్ఎస్‌ను పక్కనపెట్టి నేరుగా గూగుల్ డీఎన్ఎస్‌ను అడుగుతాయి. ఒక్కోసారి యాప్ తెరుచుకోకుండా మొరాయిస్తుంది. అప్పుడు ఏ పేరును వదలాలో వెతుక్కోవాలి.

ఖాయమైన మార్గం టీవీకి నెట్ ఇవ్వకపోవడమే. వైఫై పాస్‌వర్డ్ తీసేస్తే వేలిముద్ర తయారైనా బయటికి పోయే దారి ఉండదు. గూగుల్ టీవీల్లో మొదటి సెటప్‌లోనే నెట్ లేని ‘బేసిక్ టీవీ’ని ఎంచుకోవచ్చు. కేబులే చూసే పెద్దవాళ్ల ఇళ్లలో ఇది చక్కగా సరిపోతుంది. ఓటీటీ కావాలంటే స్టిక్కో బాక్సో తగిలించాలి. అప్పుడు టీవీ కంపెనీ నిఘా పోయి, స్టిక్ కంపెనీ లెక్క మొదలవుతుంది. ఆపిల్ టీవీ 4కే బాక్సులో ఏసీఆర్ లేదు, ఇతర యాప్‌ల్లో కూడా వెంబడించాలంటే యాప్ ముందుగా అనుమతి అడగాలి. ధర మాత్రం స్టిక్‌లకంటే చాలా ఎక్కువ. ఏ బాక్సు పెట్టినా నెట్‌ఫ్లిక్స్‌లో ఏం చూశారో నెట్‌ఫ్లిక్స్‌కు, యూట్యూబ్‌లో ఏం చూశారో గూగుల్‌కు తెలుస్తుంది. దాన్ని టీవీ సెట్టింగ్ మార్చలేదు, ఆ అకౌంట్‌లోకి వెళ్లి హిస్టరీ ఆపుకోవాలి.

చట్టం ఎక్కడి దాకా వచ్చింది?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం దొరికింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు ఆ తేదీ నుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి రావాలి. ఉల్లంఘనకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు.

టీవీల విషయంలో ఈ చట్టంలోని కొన్ని అంశాలు చాలా విలువైనవి. అంగీకారం స్వేచ్ఛగా, ఫలానా పనికి అని స్పష్టంగా, విషయం తెలిసి ఇచ్చింది అయ్యుండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. ఒక్క టిక్‌తో ఒప్పించి, రద్దుకు మాత్రం అయిదు మెనూలు తిప్పే పద్ధతి ఈ పరీక్షకు నిలవడం కష్టం. నోటీసును ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. ఆ 22లో తెలుగు ఉంది. 18 ఏళ్ల లోపు పిల్లల ప్రవర్తనను వెంబడించడం, వాళ్లకు గురిపెట్టి యాడ్లు వేయడం నిషేధం. హాల్లో ఉన్న ఒకే టీవీని పొద్దున కార్టూన్లకు పిల్లలు, మధ్యాహ్నం సీరియళ్లకు అమ్మమ్మ, రాత్రి వార్తలకు తండ్రి చూస్తారు. ఏ గంటలో ఎవరున్నారో వేలిముద్రకు తెలియదు. పిల్లల నిబంధనను టీవీ కంపెనీలు ఎలా పాటిస్తాయన్నది రాబోయే రోజుల్లో పెద్ద చిక్కుముడి.

వివాదం వస్తే, నోటీసు ఇచ్చామని, అంగీకారం సక్రమంగా తీసుకున్నామని నిరూపించాల్సిన భారం కంపెనీదే. చట్టం అమల్లోకి రాకముందు తీసుకున్న అంగీకారాలకూ వీలైనంత త్వరగా కొత్త నోటీసు ఇవ్వాలని అందులోనే ఉంది. అంటే గోడకు ఇప్పటికే వేలాడుతున్న పాత టీవీల తెర మీద కూడా ఆ పేజీ కనిపించాలి. ఈసారి రిమోట్ బిగించడానికి వచ్చిన మనిషి చేతిలో ఉండదు, ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంటుంది.